బెల్లం సీసా

వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు వాళ్ళు ఈ మధ్యే ఒక పగ్ పిల్లని తెచ్చుకున్నారు. మొన్న లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు, ఈ ఆదివారం నుంచి దాన్ని తీసుకుని కైలాసగిరి మెట్లెక్కుదాం అనుకుంటున్నామండీ అన్నారాయన. నీళ్ళు దేంట్లో పట్టుకెళ్తున్నారు అని అడిగాను. "వాడికి నీళ్ళెందుకు మేడం, గంటన్నరలో ఇంటికొచ్చేస్తాం కదా, వచ్చాక తాగుతాడు" అన్నారు. ఆయన్ని అనడానికేం లేదు, రెండేళ్ళ కిందటి వరకూ నేనూ అచ్చం ఇదే మాట అనేదాన్ని. ఈలోపు లిఫ్ట్ వచ్చేసింది, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది, అందుకే అదంతా ఇక్కడ రాసి ఆయనకి పంపుదామని కూర్చున్నాను. కుక్కని వెంటేసుకుని దూరం నడిచేవాళ్ళు ఇంకెవరున్నా చదవండి.

బెల్లం మా కుక్క. జాతి కుక్కేం కాదు, మా వీధిలో పుట్టిందే. ఒళ్ళంతా అనకాపల్లి బెల్లం దిమ్మ రంగులో ఉందని మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. 18 కిలోలుంటుంది, సన్నటి కాళ్ళు, నిలబడిన చెవులు, ఎంత దూరమైనా నడుస్తుంది. మన ఊరి కుక్కలు ఎండకి తట్టుకుంటాయి, వాటికేం కాదు అని అందరూ అంటారు కదా, నేనూ అదే నమ్మాను.

అది ఏప్రిల్ ఆఖరి ఆదివారం. పొద్దున్న ఆరింటికి ఎంవీపీ కాలనీ నుంచి బయల్దేరాం నేనూ బెల్లమూ. అప్పుఘర్ దాటి, తెన్నేటి పార్కు ముందు నుంచి, జోడుగుళ్ళపాలెం మీదుగా సాగర్ నగర్ దాకా వెళ్ళి వెనక్కి రావాలని. రానూ పోనూ పది కిలోమీటర్లకు పైనే. నా చేతిలో అర లీటరు సీసా ఒకటుంది, అది నాకు. సాగర్ నగర్ దగ్గర ఇసుకలోకి దిగాం. బెల్లానికి కెరటాలంటే ప్రాణం, కెరటం వెనక్కి పోతుంటే తరుముకుంటూ వెళ్తుంది, మళ్ళీ అది మీదకొస్తుంటే చెవులు వెనక్కి పెట్టి పరిగెత్తుకొస్తుంది. ఓ అరగంట ఆడింది. మధ్యమధ్యలో నురగని నోటితో పట్టుకుంటుంటే ముద్దొచ్చి ఫోటోలు తీశాను. ఆ ఫోటోలు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి, ఇప్పుడు చూస్తే తెలిసిపోతుంది, ప్రతి దాంట్లోనూ అది మింగుతోంది. దాహం వేసి సముద్రం నీళ్ళు తాగుతోంది, నేను పక్కనే నిలబడి నా సీసాలో నీళ్ళు తాగుతున్నాను.

తిరిగి వచ్చేటప్పటికి ఎనిమిదిన్నర. ఎండ చుర్రుమంటోంది, గాలి లేదు, ఒంటికి బట్టలు అతుక్కుపోయే ఉక్క. జోడుగుళ్ళపాలెం దగ్గరికొచ్చేసరికి బెల్లం నడక మారింది. ఎప్పుడూ నాకు రెండడుగులు ముందుండి బెల్టు లాగే కుక్క, నా మడమల వెనక్కి వచ్చేసింది. నా నీడలో నడుస్తోంది, తెలివైనదే అనుకున్నాను. కాసేపటికి రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి కనబడగానే దాని కిందకి దూరి, పొట్ట నేలకానించి, నాలుగు కాళ్ళూ చాపేసి పడుకుంది. పిలిస్తే కళ్ళు తిప్పింది కానీ లేవలేదు. నాలుక పక్కకి వేలాడుతోంది, ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేది ఇటుక రంగుకి తిరిగిపోయింది, చివర మాత్రం వెడల్పుగా గరిటెలా సాగి ఉంది. నోటి మూలల్లో చొంగ తీగలు తీగలుగా, జిగురులా. పొట్ట ఎంత వేగంగా ఎగిరెగిరి పడుతోందంటే లెక్కపెట్టలేకపోయాను.

బండి దగ్గరున్న ఆవిడ వంగి చూసి, "ఏటమ్మా, దానికి నీల్లట్టేవా? నాలిక సూడు ఎలాగయిపోనాదో" అంది. లేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ ఇంకేం అనలేదు. ఎవరో తాగి పడేసిన బోండాన్ని తీసి కత్తితో రెండు చెక్కలు చేసి, లోపల కడిగి, తన తాగే నీళ్ళ డబ్బాలోంచి కాసిని నీళ్ళు పోసి దాని మూతి ముందు పెట్టింది. పడుకునే తాగింది బెల్లం. నేను గాభరాగా ఇంకా పోయబోతుంటే ఆపింది. "ఒకేపాలి పోసీకమ్మా, కక్కేత్తాది." అన్నట్టే కక్కింది కూడా, నురగా ఇసకా. ఆవిడే తన తువ్వాలు తడిపి దాని కాళ్ళూ పొట్టా తుడిచింది, ఆవిడే ఆటో ఆపింది. బోండాలావిడకి తెలిసినంత, చదువుకున్న నాకు తెలియలేదు.

డాక్టరు గారు జ్వరం చూశారు, 104.8. కుక్కల ఒంటి మామూలు వేడే మనకంటే ఎక్కువ, 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, 104 దాటితే వడదెబ్బ దారిలో ఉన్నట్టే, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి అని చెప్పారు. డ్రిప్ పెట్టారు. సముద్రం నీళ్ళ సంగతి ఫోటోలు చూపించి చెప్తే తల పట్టుకున్నారు. లీటరు సముద్రం నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ ఉప్పుని బయటికి పంపడానికి ఒంట్లో ఉన్న మంచినీళ్ళు కూడా ఖర్చయిపోతాయి, అంటే తాగినకొద్దీ ఇంకా ఎండిపోతుంది. వాంతులు, విరేచనాలు, మరీ ఎక్కువైతే ఫిట్స్. బీచ్‌లో ఆడించాలంటే ముందు మంచినీళ్ళు తాగించి దించండి, పదిహేను నిమిషాలకోసారి బయటికి పిలిచి మళ్ళీ తాగించండి, దాహం లేని కుక్క సముద్రం జోలికి పెద్దగా పోదు అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అప్పటి నుంచి చూస్తున్నాను, కడుపులో నీళ్ళున్న రోజు బెల్లం నురగని తరుముతుంది కానీ నోరు పెట్టదు.

సాయంత్రానికి లేచి తిరిగింది. రాత్రి పెరుగన్నం తింది. నాకే నిద్ర పట్టలేదు.

పిల్లలనుకోండి, నాలుగడుగులు వేయగానే అమ్మా దాహం అంటారు, ఇవ్వకపోతే రోడ్డు మీదే ఏడుస్తారు. గేదె తొట్టి దగ్గరికెళ్ళి నిలబడి అరుస్తుంది. నడకలో ఉన్న కుక్క అలా అడగదు. మనం నడుస్తున్నంతసేపూ వెనకే వస్తుంది. అది ఆగి కూర్చుందంటే దాహం వేసిందని కాదు అర్థం, దాహం వేసి చాలాసేపయిందని, ఇంక నడవలేకపోతోందని. మనతో రావడమే దానికి ముఖ్యం, దాహం ఆ తర్వాతి సంగతి. అంత నమ్మి వెంట వచ్చేదానికి ఎప్పుడు నీళ్ళు కావాలో లెక్క చూసుకోవాల్సింది మనమే.

ఇంకో సంగతి, మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, కుక్కకి పాదాల కింద మెత్తల్లో తప్ప పెద్దగా చెమట లేదు. అది రొప్పుతోందంటే నాలుక మీద, గొంతులో తడిని గాలికి ఆరబెట్టి ఒళ్ళు చల్లబరుచుకుంటోందన్నమాట. దాని చెమటంతా నోట్లోంచే పోతోంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే రొప్పినా లాభం లేదు, ఆరడానికి తడి ఉండాలిగా. పైగా మన వైజాగ్ లాంటి ఊళ్ళో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఆ తడి తొందరగా ఆరదు. ఫోన్లో 33 డిగ్రీలే కదా అని బయల్దేరతాం, కుక్కకి ఆ 33 చాలా ఎక్కువ. మా చెల్లెలు కరీంనగర్‌లో ఉంటుంది, అక్కడ వేసవిలో 43 దాటుతుంది కానీ పొడి ఎండ. అక్కడి కుక్కలకి రొప్పడం బాగానే పనిచేస్తుంది కానీ ఒంట్లో నీళ్ళు మరీ వేగంగా ఖర్చయిపోతాయి. రెండు చోట్లా సీసా కావాల్సిందే. ఇక రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, దూరం నడకలు అసలు వద్దు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేస్తే చాలు.

ఎన్ని నీళ్ళు అన్నది చాలామంది అడుగుతారు. ఏ పనీ లేకుండా ఇంట్లో పడుకునే కుక్కకే కిలో బరువుకి రోజుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, అంటే మా బెల్లానికి లీటరు. నడిస్తే ఎక్కువ, ఎండలో నడిస్తే ఇంకా ఎక్కువ. తినేదాన్ని బట్టి కూడా ఉంటుంది, ప్యాకెట్లో వచ్చే ఎండు గింజల్లాంటి తిండిలో నూటికి పది వంతులే నీళ్ళుంటాయి, అదే పెరుగన్నం తినే కుక్కకి సగం నీళ్ళు కంచంలోనే వెళ్తాయి. నేను పాటించే లెక్క ఇది: రెండు గంటల నడకకి చలికాలంలో దానికని ముప్పావు లీటరు, ఫిబ్రవరి దాటాక లీటరున్నర. నా నీళ్ళు ఇందులో కలపను, నాది వేరే. లీటరు నీళ్ళంటే కిలో బరువే కాబట్టి భుజానికి తెలుస్తుంది, అయినా మోయాల్సిందే. తిరిగొచ్చేసరికి సీసాలో పావు వంతు మిగలాలి, మిగల్లేదంటే వచ్చేసారి ఇంకా ఎక్కువ పట్టుకెళ్ళాలని గుర్తు.

ఒకేసారి తాగించకూడదు. ఇరవై నిమిషాలకోసారి నీడ చూసుకుని ఆగి, రెండు మూడు నిమిషాలు రొప్పు తగ్గనిచ్చి, ఓ టీ గ్లాసుడు పోస్తాను. తాగితే ఇంకో సగం. తాగకపోతే బలవంతం చేయను, వేలు తడిపి చిగుళ్ళకి రాస్తాను, చాలాసార్లు ఆ తడి తగలగానే గుర్తొచ్చినట్టు వచ్చి తాగుతుంది. అలా రాసేటప్పుడే చిగుళ్ళు కూడా చూసుకోవచ్చు. వేలు జారిపోతే మంచిది, జిగురుగా అంటుకుంటే నీళ్ళు తగ్గాయని. వేలితో చిగురు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్ళీ గులాబీ రంగు రావాలి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి, గుడారంలా నిలబడితే అక్కడే నడక ఆపేయాలి. గబగబా బోలెడు నీళ్ళు తాగి వెంటనే పరిగెడితే వాంతి అవుతుంది, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం కూడా ఉందని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

గిన్నె సంగతి తేలడానికి నాకు నెల పట్టింది. మొదట అరచేతిలో పోశాను, సగం నేలపాలు. తర్వాత అడ్డాకుల దొన్నె తీసుకెళ్ళాను, మొదటిసారి బాగానే తాగింది, రెండోసారికి దొన్నె కూడా నమిలేసింది. ఆన్‌లైన్‌లో మడత పెట్టే సిలికాన్ గిన్నె తెప్పించాను, బ్యాగులో అప్పడంలా పడుంటుంది, వీలుగానే ఉంది కానీ ఆ వాసనకి బెల్లం మూతి తిప్పేసుకుంది. రెండ్రోజులు వేడి నీళ్ళలో నానబెట్టి ఎండలో పెట్టినా అంతే. చివరికి మా ఇంట్లో మూత పోయిన చిన్న స్టీలు డబ్బా ఒకటుంటే అదే తీసుకెళ్ళాను, ఇంట్లో తాగేది కూడా స్టీలు గిన్నెలోనే కదా, ఏ పేచీ లేకుండా తాగింది. మీ కుక్కకి ఇంట్లో అలవాటైన గిన్నె లాంటిదే చూడండి. ఒక మాట, కుక్క మనలా పీల్చుకుని తాగదు, నాలుకని వెనక్కి మడిచి నీళ్ళలో తాకించి చప్పున పైకి లాగుతుంది, ఆ వేగానికి నీళ్ళు తీగలా పైకి లేస్తాయి, అప్పుడు నోరు మూసి పట్టుకుంటుంది. అందుకే గిన్నెకి కాస్త వెడల్పు, రెండు వేళ్ళ లోతు ఉండాలి. సీసా మూతలో పోస్తే తాగుతున్నట్టే కనిపిస్తుంది కానీ లోపలికి పోయేది చుక్కే.

సీసా మటుకు స్టీలుదే. మా అమ్మమ్మ విజయనగరం నుంచి రైల్లో వచ్చినప్పుడల్లా ఇత్తడి మరచెంబుతో నీళ్ళు తెచ్చుకునేది, బయట నీళ్ళు ముట్టేది కాదు. ఆ మరచెంబు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. గొర్రెలు కాసేవాళ్ళు ఎండబెట్టిన సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకుని భుజాన వేలాడదీసుకెళ్ళేవారట. ఇంటి నుంచి నీళ్ళు కట్టుకుని బయల్దేరడం మనకి కొత్తేం కాదు, మధ్యలో ఎక్కడపడితే అక్కడ సీసాలు కొనుక్కోవడం అలవాటై మర్చిపోయాం. కొనుక్కోవడం మనకి కుదురుతుంది, పొద్దున్న ఆరున్నరకి బీచ్ రోడ్డులో కొట్లు తీసి ఉండకపోతే కుక్క ఏం చేస్తుంది? వేసవిలో అయితే ముందు రోజు రాత్రి సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెడతాను, పొద్దున్న మిగతాది మామూలు నీళ్ళతో నింపుతాను, ఎనిమిదింటి దాకా కూజాలో నీళ్ళలా ఉంటాయి.

దారిలో గుంటల్లో నీళ్ళు తాగనివ్వకండి. వానాకాలంలో మరీ. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే ఎలుక జ్వరం కుక్కలకీ వస్తుంది, వాటి నుంచి మనకీ రావచ్చు, కిడ్నీలూ లివరూ పాడవుతాయి. ఏటా వేయించే టీకాలో దానికి మందు ఉంటుంది కానీ అన్ని రకాలనీ ఆపదు. దాహంతో ఉన్న కుక్కని గుంట దగ్గర్నుంచి లాగడం కష్టం, దాహం తీరిన కుక్క వాసన చూసి వచ్చేస్తుంది. అక్కడా సీసాయే పని చేస్తుంది. కొబ్బరినీళ్ళు పట్టొచ్చా అంటే, రెండు గుక్కలు పర్లేదు, నీళ్ళకి బదులుగా మాత్రం వద్దు. ఉప్పేసిన మజ్జిగ వద్దు. మనం తాగే ఎనర్జీ డ్రింకులూ పొడులూ అసలే వద్దు, చక్కెర లేనివి అని అమ్మేవాటిలో కొన్నిట్లో వేసే జైలిటాల్ కుక్కలకి విషం.

మా బీచ్ రోడ్డులో గిన్నె తీయగానే వీధి కుక్కలు వస్తాయి. మొదట్లో టెన్షన్ పడేదాన్ని, కొట్లాట అవుతుందని. అవి కొట్లాటకి రావు, వాటికీ దాహమే. బెల్లం గిన్నెలో వాటికి పోయను, ఒకదాని జబ్బు ఒకదానికి అంటుకుంటుంది. బోండాల బండి దగ్గర చెక్కలు ఎప్పుడూ ఉంటాయి, బెల్లాన్ని దూరంగా కట్టేసి ఓ చెక్కలో పోసి వస్తాను. ఆవిడ ఇప్పుడు బండి వెనక ఒక చెక్క ఎప్పుడూ నింపి ఉంచుతోంది. మనుషులకి చలివేంద్రాలు పెట్టినట్టు ప్రతి బండి దగ్గరా ఓ చెక్క ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

మూడో అంతస్తు వారికి ప్రత్యేకంగా. మీది పగ్, పైగా పిల్ల. చప్పిడి ముక్కు కాబట్టి రొప్పి చల్లబడటం దానికి చాలా కష్టం, అందుకే చాలా విమాన సంస్థలు అలాంటి జాతుల్ని కార్గోలో ఎక్కించుకోవు కూడా. కైలాసగిరి మెట్లు ఇప్పుడప్పుడే వద్దండీ. పార్కులో పది నిమిషాలు చాలు, దానికి కూడా సీసా పట్టుకెళ్ళండి. రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి, ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవు. ఎప్పుడైనా వాడు ఎండకి సోలిపోతే ముందు అక్కడే నీళ్ళు ఒంటి మీద, పొట్ట కింద, కాళ్ళ మీద పోసి గాలి తగలనివ్వండి, తర్వాతే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. తడి తువ్వాలు కప్పి ఉంచేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి. సీసాలో నీళ్ళు తాగించడానికి మాత్రమే కాదు, ఇలా పోయడానికి కూడా కావాలి, నేను లీటరున్నర మోసేది అందుకే.

పోయిన జనవరిలో మావారూ నేనూ బెల్లాన్ని తీసుకుని తొట్లకొండ వెళ్ళాం. భీమిలి రోడ్డులో, బండి కింద ఆపేసి, కొండ మీదకి ఘాట్ రోడ్డంతా నడిచే ఎక్కాం. 128 మీటర్ల ఎత్తే కానీ మలుపు మలుపుకీ సముద్రం కనబడుతుంటే ఆగి ఆగి ఎక్కాలనిపిస్తుంది, బెల్లానికి నీళ్ళు పట్టడానికి అది బాగా కలిసొచ్చింది. 1988 నుంచి తవ్వకాలు జరిపితే బయటపడిన బౌద్ధారామం అది, రెండువేల ఏళ్ళ నాటిది. లోపలికి కుక్కని తీసుకెళ్ళలేం కాబట్టి గేటు బయట చెట్టు కింద ఒకరం కూర్చుని ఒకరం వెళ్ళొచ్చాం. ముందు ఆయన వెళ్ళారు. వచ్చి, "ఆ పేరెందుకు వచ్చిందో తెలుసా, బండరాయిని తొలిచి నీళ్ళ తొట్లు కట్టుకున్నారు, అందుకే తొట్లకొండ" అన్నారు. నేను వెళ్ళి ఆ తొట్ల అంచు మీద చాలాసేపు కూర్చున్నాను. కొండెక్కి ఉండాలనుకున్నవాళ్ళు వాననీళ్ళు నిలవుంచుకోవడానికి ఆ రాతిని ఎన్నాళ్ళు చెక్కారో.

నేను తిరిగొచ్చేసరికి బెల్లం చెట్టు మొదట్లో గుంట తవ్వుకుని పడుకుని ఉంది, నన్ను చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది. డబ్బాలో గ్లాసుడు పోశాను. లేచి వచ్చి తాగి, గడ్డం తడిని నా చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. సీసా ఊపి చూశాను, 400 దాకా ఉంటాయి. కొండ దిగడానికి సరిపోతాయి.